ఆరు, ఏడు క్లాసుల పిల్లలకి భూగోళం, సైన్స్, చరిత్ర కలిపి చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జెడ్పీ సోషల్ సార్:

అందరికీ నమస్తే. నంద్యాల జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్తా, ఆరు నుంచి ఎనిమిది దాకా నావే. నాకున్న సమస్య ఇక్కడ చాలామంది టీచర్లకి ఉండేదే అనుకుంటా. మా పిల్లలకి భూగోళం ఒక పీరియడ్, సైన్స్ ఇంకో పీరియడ్, చరిత్ర అంటే రాజుల పేర్లు, వీటికి ఒకదానికొకటి ఏదైనా సంబంధం ఉంటుందనే ఆలోచనే రాదు, మేం కూడా అట్లాగే ముక్కలు ముక్కలుగా చెప్తాం కాబట్టి వాళ్ళని అని లాభం లేదు.

మొన్న ఏడో క్లాసులో అడిగా, ఆదిమానవుడు డైనోసార్లని వేటాడేవాడా అని. సగం మంది చేతులెత్తారు, ఒకడైతే లేచి నిలబడి కార్టూన్లో చూశా సార్ అని సాక్ష్యం కూడా ఇచ్చాడు. ఇంకొకడు అశోకుడు మా తాత పుట్టకముందే చనిపోయాడు సార్ అన్నాడు, తప్పనడానికి లేదు కదా 😀. అంటే "చాలా కాలం కింద" అనే మాట తప్ప ఎంత కాలం అనే లెక్క వాళ్ళ తలలో లేదు.

ఇప్పుడు మా హెచ్ఎం మేడం శనివారం నో బ్యాగ్ డే రోజు రెండు పీరియడ్లు వరసగా ఇస్తా, సోషల్, పీఎస్ (ఫిజికల్ సైన్స్), బయాలజీ వాళ్ళు కలిసి ఏదైనా చేయండి అన్నారు. డబ్బుల సంగతి అడిగితే నవ్వి ఊరుకున్నారు, కాబట్టి ఖర్చు లేనివే చెప్పండి.

నా డౌట్లు: టెక్స్ట్ బుక్కు లాగా సూర్యుడు, గ్రహాలు, భూమి అని పైనుంచి కిందకి రావాలా, లేకపోతే మన ఊరి నుంచి మొదలుపెట్టి పైకి పోవాలా? కోట్ల ఏళ్ళు అనే సంగతి పన్నెండేళ్ళ పిల్లోడికి ఎట్లా ఎక్కించాలి? ఇంకోటి, మా చుట్టుపక్కల ఏం చూపించొచ్చు? బెలుం గుహలకి ప్రతిసారీ టూర్ వేస్తారు, పిల్లలు లోపల అరుపులు అరిచి, ఫోటోలు దిగి, బయట ఐస్ క్రీం తిని వచ్చేస్తారు. అది ఎట్లా ఏర్పడిందిరా అని మర్నాడు అడిగితే దేవుడు సార్ అంటారు.

---

కడపబండ:

సార్, టూర్ పక్కన పెట్టండి. ముందు క్లాసురూంలో తల వంచి కింద చూడమనండి. మీ స్కూల్ ఫ్లోరింగ్ ఏంది? నంద్యాల జిల్లా అంటే నాపరాయే అయ్యుంటాది, బేతంచెర్ల బండలో కొలిమిగుండ్ల వైపు బండలో. నేను జియాలజీ చదివి ఆ లైన్లోనే ఉన్నా కాబట్టి నాకు ఆ బండ కంటే మంచి టెక్స్ట్ బుక్ కనపడదు.

అది సున్నపురాయి. ఒకప్పుడు ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది, దాని అడుగున సున్నపు బురద పొర మీద పొర పేరుకుని గట్టిపడింది. అందుకే క్వారీలో కూలోళ్ళు గడ్డపార పెట్టి కొడితే పలకలు పలకలుగా లేస్తాది, గ్రానైట్ అట్లా లేవదు. మీ క్లాసులో కచ్చితంగా ఒకరిద్దరు పిల్లల అమ్మానాన్న పాలిష్ ఫ్యాక్టరీలోనో క్వారీలోనో పని చేస్తుంటారు, ఆయన్ని ఒక శనివారం పిలిచి బండ ఎట్లా లేపుతారో చెప్పించండి. పొర ఎక్కడుందో వేలితో తట్టి, సౌండు విని చెప్పేస్తారు, మాకు యూనివర్సిటీలో అది నేర్పలేదు. ఆ పిల్లోడికి వాళ్ళ నాయన క్లాసులో నిలబడి పాఠం చెప్పడం అంటే ఎట్లుంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

పిల్లలు తప్పకుండా అడుగుతారు, సముద్రం అయితే చేప ఏది సార్, గవ్వ ఏది సార్ అని. ఆ ప్రశ్న రావాలనే మనం ఎదురుచూడాల. ఈ రాయి సరిగ్గా ఎన్ని కోట్ల ఏళ్ళదో అనేదాని మీద జియాలజిస్టులు ఇంకా కొట్టుకుంటానే ఉన్నారు గానీ, చేపలు, గవ్వలు పుట్టకముందుదే అనేదాంట్లో గొడవ లేదు. అంటే సముద్రం ఉంది, అందులో చేప లేదు! ఈ ఒక్క మాట దగ్గర క్లాసు సైలెంట్ అవుతాది చూడండి. కొన్ని బండల మీద నల్లగా చెట్టు కొమ్మల లాగా మరకలు ఉంటాయి, పిల్లలు చెట్టు శిలాజం అనుకుని ఎగురుతారు, అవి శిలాజాలు కాదు, పొరల సందుల్లోకి దిగిన నీళ్ళు వదిలిపోయిన మాంగనీసు. అది కూడా ఒక పాఠమే, చూడటానికి ఆకులాగా ఉన్నదల్లా ఆకు కాదు అని.

కడప జిల్లా వేంపల్లె దగ్గరికి ఎప్పుడైనా పోతే ఇంకా పాత సంగతి ఉంది. అక్కడి రాళ్ళల్లో స్ట్రోమటోలైట్లు ఉంటాయి, గుండ్రంగా ఒకదాని మీద ఒకటి పొరలు. కంటికి కనపడని సూక్ష్మజీవులు ఆ రోజుల్లో నీళ్ళల్లో పరుపుల్లాగా పెరుగుతా కట్టిన కట్టడాలు అవి. ఆ పొరల కంటే పైనున్న రాళ్ళల్లోకి భూమి లోపల్నుంచి కరిగి చొచ్చుకొచ్చి గట్టిపడిన రాయి వయసే సుమారు 188 కోట్ల ఏళ్ళు అని తేలింది, అంటే వేంపల్లె పొరలు అంతకంటే పాతవి. మనం పీల్చే ఆక్సిజన్ మొదట గాల్లోకి వదిలింది ఈ రకం జీవులే. బయాలజీ సార్‌కి ఈ ముక్క ఇచ్చేయండి, ఆయన పండగ చేసుకుంటాడు.

ఇంక మీ జిల్లాలో ఇన్ని సిమెంట్ ఫ్యాక్టరీలు ఎందుకున్నాయి అంటే ఇదే రాయి. బోరు నీళ్ళు మరిగిస్తే గిన్నె అడుగున తెల్లగా పట్టేది ఇదే రాయి. బెలుం గుహ ఇదే రాయి. ఊరు, ఉద్యోగం, గిన్నె, గుహ అన్నీ ఒక్క బండ లోంచి వచ్చాయి. భూగోళమా, సైన్సా, సోషలా అని విడదీయమంటే నాకు చేతకాదు.

---

పీఎస్ టీచరమ్మ:

పైన అన్నయ్య చెప్పినదానికి నా వంతు. బండ సున్నపురాయా కాదా అని పిల్లల చేతే తేల్చండి. బండ ముక్కని మేకుతో గీకి కాస్త పొడి చేసి దాని మీద నిమ్మరసమో వెనిగరో వెయ్యమనండి, చిన్న చిన్న బుడగలు వస్తాయి, చెవి దగ్గర పెట్టుకుంటే చిటపట కూడా వినిపిస్తుంది. పక్కనే గ్రానైట్ పొడి మీద కూడా వెయ్యండి, ఏమీ కాదు. పొడి చెయ్యకుండా నేరుగా బండ మీద నిమ్మకాయ పిండితే పెద్దగా కనపడదు, పిల్లలు డీలా పడతారు. కొంతమంది బాత్రూం కడిగే యాసిడ్ తెచ్చి పోసేస్తారు, బుస్సుమని పొంగుతుంది గానీ దయచేసి ఆ పని చెయ్యొద్దు, మంట, పొగ, కళ్ళు. ల్యాబ్‌లో డైల్యూట్ హైడ్రోక్లోరిక్ ఉంటే టీచరే డ్రాపర్‌తో ఒక చుక్క వెయ్యాలి, అంతే.

బెలుం టూర్ దండగ అవుతుందంటే అది టూర్ తప్పు కాదండి, ఈ ప్రయోగం టూర్‌కి ముందు చెయ్యకపోవడం. వాన నీళ్ళు గాల్లో, మట్టిలో కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కొద్దిగా పులుపెక్కుతాయి, నిమ్మరసం చేసిన పనే లక్షల ఏళ్ళు మెల్లగా చేస్తాయి, రాయి కరిగి గుహ పడుతుంది. లోపల పైకప్పు నుంచి ఆ నీటి చుక్క కారేటప్పుడు కరిగిన సున్నం మళ్ళీ వదిలేసిపోతుంది, అవే వేలాడే రాళ్ళు. బుడగలు చూసిన పిల్లాడు గుహలోకి వెళ్తే పైకి చూస్తాడు, చూడనివాడు ఫోన్ చూస్తాడు. ఒక చిన్న పని కూడా పెట్టండి, గుహలోకి దిగే ముందు పైన చుట్టూ ఉన్న పొలం బొమ్మ గీయమనండి. అంతా చదునైన నేల, కొండ లేదు ఏం లేదు, దాని కింద 3,229 మీటర్ల గుహ ఉందంటే అప్పుడు ఆశ్చర్యం వేస్తుంది.

సూర్యుడు ముందా ఊరు ముందా అన్నారు కదా. రెండూ ఒకేసారి అవుతాయి. గ్రౌండ్‌లో ఒక కర్ర నిలువుగా పాతి నీడ కొలిపించండి, రోజూ కాదు, వారానికోసారి మధ్యాహ్నం చాలు. మనం కర్కట రేఖకి దిగువన ఉన్నాం కాబట్టి ఏడాదికి రెండు రోజులు సూర్యుడు సరిగ్గా నెత్తి మీదకి వస్తాడు, నీడ కర్ర కిందే మాయమవుతుంది. నంద్యాలలో మే మొదటి వారంలో ఒకసారి వస్తుంది, అప్పుడు ఎలాగూ సెలవులు. రెండోది ఆగస్టు 10 అటూ ఇటూ, మబ్బు లేకుండా ఉండాలి మన అదృష్టం. హైదరాబాద్‌లో అదే నీడ లేని రోజు ఆగస్టు మొదటి వారంలోనే వచ్చేస్తుంది. అక్కడ చుట్టాలున్న పిల్లాడి చేత ఫోన్ చేయించి అక్కడి నీడ ఎంతుందో అడిగించండి. అక్షాంశం అంటే ఏంటో, భూమి వంగి తిరగడం అంటే ఏంటో బోర్డు మీద గీసినదానికంటే బాగా ఎక్కుతుంది.

---

మార్కులు ముఖ్యం:

అన్నీ బాగున్నాయి సార్ కానీ చివరికి పరీక్షలో "భూభ్రమణం అనగానేమి" అనే వస్తుంది. మా పాప ఎనిమిది చదువుతోంది, ప్రాజెక్టులు అంటూ చార్టులు మేమే గీసి పంపిస్తున్నాం రాత్రి పదకొండు దాకా. ఇలాంటివి చేసేటప్పుడు తల్లిదండ్రుల మీద పడకుండా చూడండి చాలు.

---

స్పిన్నర్:

@మార్కులు ముఖ్యం అన్నా, వాళ్ళు చెప్పేది చార్టు పని కాదు కదా, నిమ్మకాయ ఒక్కటే ఖర్చు 😀

కోట్ల ఏళ్ళు ఎట్లా ఎక్కించాలి అన్నదానికి నా దగ్గర ఒకటి ఉంది, మా అబ్బాయి కోసం అనుకున్నది, తర్వాత వాళ్ళ స్కూల్లో పీఈటీ సార్ కూడా వాడుకున్నారు. క్రికెట్ పిచ్ తీసుకోండి, ఇరవై మీటర్లు ఉంటుంది. బ్యాట్స్‌మన్ వెనకాల వికెట్లు ఉన్న చోటు ఇవాళ. అక్కడి నుంచి బౌలర్ వైపు ఒక్కో మీటరు ఒక కోటి ఏళ్ళు వెనక్కి. డైనోసార్లు పోయింది 6.6 కోట్ల ఏళ్ళ కింద కదా, అంటే 6.6 మీటర్ల దగ్గర, సరిగ్గా గుడ్ లెంగ్త్ బాల్ పడే చోటు. అక్కడ సున్నంతో గీత గీయండి. బౌలర్ వికెట్ల దాకా, ఇంకా కొంచెం వెనక్కి రనప్ లోకి కూడా డైనోసార్లే, 23 మీటర్లు దాటాక మొదలయ్యాయి అవి. ఇప్పుడు పిల్లల్ని అడగండి, మనిషి ఎక్కడ నిలబడాలి అని. వాళ్ళు క్రీజ్ దగ్గరికి పరిగెత్తుతారు. క్రీజ్ అంటే వికెట్లకి 1.22 మీటర్ల ముందు, కోటీ ఇరవై లక్షల ఏళ్ళు, అక్కడ మనిషి లేడు. మనలాంటి మనుషులు వచ్చి మూడు లక్షల ఏళ్ళు, అంటే మూడు సెంటీమీటర్లు, వికెట్ కర్ర మందం కూడా దాటదు! మరి గుడ్ లెంగ్త్ గీత దగ్గరున్న డైనోసార్‌ని వీడెట్లా వేటాడతాడు? మీ కార్టూన్ సాక్షికి ఇదే జవాబు సార్.

భూమి పుట్టుక చూపించాలంటే మాత్రం గ్రౌండ్ చాలదు, 454 మీటర్లు, గేటు దాటి రోడ్డెక్కాలి. కడపబండ అన్న చెప్పిన వేంపల్లె రాళ్ళు 188 మీటర్లకి అవతల ఉంటాయి. అంత దూరం ఒక పిల్లోడిని పంపించి చెయ్యి ఊపమనండి, ఇక్కడ వికెట్ దగ్గర ఇంకొకడు అశోకుడిలాగా నిలబడాలి, వాడికి దొరికే జాగా పావు మిల్లీమీటర్ కూడా ఉండదు. వాడు ఎక్కడ నిలబడాలో తెలీక కొట్టుకుంటుంటే మిగతావాళ్ళు పడి పడి నవ్వుతారు.

---

పాలమూరోడు:

మస్తుగున్నది పిచ్ ఐడియా. నేను సార్ వాళ్ళ జిల్లా కాదు గని మా దిక్కు సంగతి జెప్త, ఎవరికన్న పనికొస్తది.

పాత మహబూబ్‌నగర్ జిల్లాల ఉట్నూరు అని ఉన్నది (ఆదిలాబాద్ ఉట్నూరు గాదు), ఆడ బూడిద దిబ్బ ఉన్నది. 1957ల ఆల్చిన్ అనే ఇంగ్లీషాయన తవ్విండు. అది ఏం బూడిదనుకున్నరు, పశువుల పేడ! నాలుగైదు వేల ఏండ్ల కింద కొత్త రాతియుగంల జనం ఆవుల మందని దడి కట్టి ఒక్కకాడ తోలేటోళ్ళు, పేడ కుప్పలు పడుడు, దాన్ని తగులబెట్టుడు, మళ్ళ కుప్ప పడుడు, మళ్ళ తగులబెట్టుడు. తవ్వితే పొరల నడుమ గిట్టల అచ్చులు గూడ దొరికినయి. ఇగ మీరే ఆలోచించున్రి, పల్లెటూరి పిల్లగానికి పెంటదిబ్బ తెల్వదా? వానికి హరప్పా కంటే ముందు ఇది జెప్పాలె. రాజు లేడు, యుద్ధం లేదు, గొడ్లు కాసెటోళ్ళ చరిత్ర. బళ్ళారి దిక్కు ఇసొంటి దిబ్బల్ని రాక్షసుల్ని కాల్చిన బూడిద అనేటోళ్ళట. మా అనంతపురం దోస్తు పాల్వాయి కాడ గూడ ఒకటున్నదని జెప్పిండు, సార్‌కి అది దగ్గరైతదేమో.

ముడుమాల నిలువురాళ్ళు గూడ జూడున్రి, కృష్ణ ఒడ్డున, ఒక్కో రాయి పన్నెండు పద్నాలుగు అడుగులుంటది. 2025ల యునెస్కో టెంటేటివ్ లిస్టుల (వరల్డ్ హెరిటేజ్ కోసం ముందుగాల పెట్టే జాబితా) ఎక్కింది. ఆడ ఒక రాతి మీద చిన్న చిన్న గుంటలు తొలిచి సప్తర్షి మండలం తీరుగ పెట్టిన్రు. టీచరమ్మ జెప్పిన కర్ర నీడ లెక్క పిల్లలు ముందే చేసి పోతే, ఈ రాళ్ళు పెట్టినోళ్ళు గూడ ఆకాశం దిక్కు చూసినోళ్ళే అని వాళ్ళకే తడ్తది.

---

జెడ్పీ సోషల్ సార్:

అబ్బా, ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. ఫ్లోర్ చూశా, మా స్కూల్లో ఆకుపచ్చ బండ, కొలిమిగుండ్లది అని మా అటెండర్ చెప్పాడు. పాల్వాయి మాకు దూరమే అన్నా. కానీ జ్వాలాపురం అని బనగానపల్లె పక్కనే ఉందని, అక్కడ అగ్నిపర్వతం బూడిద ఉందని విన్నా. పిల్లల్ని తీసుకుపోతే చూడ్డానికి ఏమైనా ఉంటుందా? యాగంటి ఎట్లాగూ పోతారు కాబట్టి దారిలోనే.

---

కడపబండ:

ఉంది సార్, అసలు మీ ప్రశ్నకి జవాబు మొత్తం ఆ ఊర్లోనే ఉంది.

సుమారు 74,000 ఏళ్ళ కింద ఇండోనేషియాలో సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలింది, గత ఇరవై లక్షల ఏళ్ళల్లో అంత పెద్దది ఇంకోటి లేదంటారు. అక్కడి నుంచి మనకి రెండున్నర వేల కిలోమీటర్ల పైనే, మధ్యలో సముద్రం. ఆ బూడిద గాల్లో కొట్టుకొచ్చి ఇక్కడ పడింది, తర్వాత వానలకి చుట్టుపక్కల వాలుల్లోంచి కొట్టుకుపోయి జుర్రేరు వాగు లోయలో పల్లం చూసుకుని కుప్పపడింది, కొన్నిచోట్ల మనిషి ఎత్తు కంటే ఎక్కువ మందం. ఊరోళ్ళకి ఇది సైంటిస్టుల కంటే ముందే తెలుసు, ఆ తెల్ల పొడిని తవ్వి గిన్నెలు తోమే పౌడర్ల కోసం అమ్మేవాళ్ళు. ఎందుకు తోముతుందంటే అది మన పొయ్యిలో బూడిద లాంటిది కాదు, పగిలిన గాజు. చిటికెడు తీసి వేళ్ళ మధ్య రుద్దితే మెత్తగానే అనిపిస్తాది గానీ వెనకాలే సన్నగా గరుకు తగుల్తాది. మైక్రోస్కోప్ ఉంటే ఒక స్లైడ్ మీద వేసి చూపించండి, వంకర అంచుల గాజు పెంకులు కనపడతాయి. మూతికి గుడ్డ కట్టుకుని ముట్టుకోమనండి, ఊదనీయొద్దు, పీల్చేది కాదు అది.

చరిత్ర ఎక్కడొస్తుందంటే, కర్ణాటక యూనివర్సిటీ రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా వాళ్ళ టీం అక్కడ తవ్వి 2007లో బయటపెట్టారు, బూడిద పొర కిందా రాతి పనిముట్లు ఉన్నాయి, పైనా ఉన్నాయి. ఈ ఒక్క బొమ్మ బోర్డు మీద గీసి (కింద మట్టి, రాతి పనిముట్లు, తెల్ల పొర, మళ్ళీ మట్టి, పనిముట్లు) ఇంకేం చెప్పకుండా ఏమర్థమైందిరా అని అడగండి. కింద ఉన్నది పాతది, పైన ఉన్నది కొత్తది అని వాళ్ళే అంటారు. అంత బూడిద పడినా ఇక్కడ మనుషులు పూర్తిగా పోలేదు అని కూడా కాసేపటికి ఎవడో ఒకడు అంటాడు. ఆ పనిముట్లు చేసింది మనలాంటి మనుషులా, అంతకంటే పాత రకం మనుషులా అనేది ఇప్పటికీ తేలలేదు, ఎముకలు దొరకలేదు కాబట్టి. అది కూడా దాచకుండా చెప్పండి సార్. సైన్స్ అంటే అన్నీ తేలిపోయిన లెక్కల పుస్తకం అనుకుంటారు పిల్లలు, మన పక్కూరి మీద ప్రపంచంలో పెద్ద పెద్దోళ్ళు వాదించుకుంటున్నారు అంటే కళ్ళు పెద్దవి చేస్తారు.

పిచ్ లెక్కలో 74,000 అంటే ఏడున్నర మిల్లీమీటర్లు కూడా రాదు, వికెట్ కర్రలోనే ఉంటుంది @స్పిన్నర్.

ఇంకోటి, బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే జియాలజిస్టు, ఆయన కొడుకు హెన్రీ తవ్వారు. 1863లో మద్రాసు పక్కన పల్లావరంలో రాతి గొడ్డలి గుర్తుపట్టింది కూడా ఈయనే, మన దేశంలో ఆదిమానవుడి చరిత్ర మొదలైంది రాళ్ళ డిపార్ట్‌మెంట్ ఉద్యోగి చేతిలో. బిల్లసర్గంలో దొరికిన ఎముకల్లో ఒక ఖడ్గమృగం ఉంది, దానికి లైడెకర్ అనే ఆయన పెట్టిన పేరు రైనోసెరాస్ కర్నూలియెన్సిస్. కర్నూలు పేరుతో ఖడ్గమృగం! ఇది చెప్తే ఏ పిల్లోడైనా మర్చిపోతాడా? ఇప్పుడు ఖడ్గమృగం అస్సాంలో చూడాలి, అప్పుడు ఇక్కడ ఎందుకు తిరిగింది, గడ్డి ఎట్లుండేది, వానలెట్లుండేవి అని తీగ లాగుతా పోతే క్లైమేట్ పాఠం దానంతటదే వస్తాది.

---

ఇపోలో తెలుగోడు:

జ్వాలాపురం పేరు చూసి ఆగిపోయా. నేను మలేషియాలో పేరాక్ రాష్ట్రంలో ఉద్యోగం, ఇక్కడ లెంగ్గాంగ్ లోయ అని ఉంది, 2012లో యునెస్కో వరల్డ్ హెరిటేజ్ అయింది, అక్కడ కోట తంపాన్ అనే చోట కూడా రాతి పనిముట్లు, అదే టోబా బూడిద. మా కొలీగ్ ఒకావిడ తాతలు బాగన్ దాతో వైపు కొబ్బరి తోటల్లో పనికి వచ్చిన తెలుగువాళ్ళు, వాళ్ళ పిల్లలకి వీకెండ్ తెలుగు క్లాసు చెప్తుంటాను. మీ తాతలు ఓడలో రాకముందే, మీ పాత ఊరు, ఈ కొత్త ఊరు రెండిటి మీదా ఒకే బూడిద పడింది అని చెప్పాక మ్యాప్ అడిగి మరీ తెప్పించుకున్నారు. సార్, ఊరి నుంచి మొదలుపెట్టండి కానీ ఊర్లోనే ఆపెయ్యకండి. జ్వాలాపురం చెప్పిన రోజే గోడ మ్యాప్ మీద టోబా సరస్సు చూపించండి, ఆ పేలుడుకి పడిన గుంటే ఇప్పుడు వంద కిలోమీటర్ల పొడవు సరస్సు.

---

పాత హెచ్ఎం:

బాబూ, ఉత్సాహం బాగుంది. రిటైరైన మనిషిని, నాలుగు పనికొచ్చే మాటలు చెప్తా, విసుక్కోకండి.

పనిలో ఉన్న క్వారీలోకి పిల్లల్ని అస్సలు తీసుకుపోవద్దు, వదిలేసిన క్వారీలోకి ఇంకా వద్దు. ఎండాకాలం వస్తే ఈ గుంతల్లో ఈతకి పోయి పిల్లలు పోవడం ప్రతి ఏడూ పేపర్లో చూస్తున్నాం. బండ క్లాసులోకి రావాలి, క్లాసు క్వారీకి పోకూడదు. జ్వాలాపురంలో గోతుల అంచులు మెత్తగా ఉంటాయి, అంచు మీద నిలబడనివ్వద్దు, ముందు రోజు టీచర్లు పోయి చూసి రావాలి. అక్కడ దొరికిన రాళ్ళు జేబులో వేసుకురాకూడదని కూడా పిల్లలకి చెప్పండి, ఉన్నచోట ఉంటేనే దాని కథ తెలిసేది, తీసేస్తే వట్టి రాయి. గుళ్ళ దగ్గర జాగ్రత్త. యాగంటి నంది పెరుగుతోందా సార్ అని అడుగుతారు, అక్కడ నిలబడి లేదు అని వాదన పెట్టుకుంటే సాయంత్రానికి ఊరంతా మీ మీదకి వస్తుంది. పెరగడం అంటే ఎట్లా కొలుస్తావు, ఎవరు ఎప్పుడు కొలిచారు, రాసిపెట్టారా అని వాళ్ళనే అడిగి వదిలెయ్యండి. ఆ ప్రశ్న వాళ్ళతో పాటు ఇంటికి పోతుంది.

చరిత్ర వైపు మీరెవరూ ఎర్రగుడి మాట ఎత్తలేదేమి? గుత్తి, పత్తికొండ రోడ్డులో, జొన్నగిరి దగ్గర. అశోకుడి శాసనాలు బండల మీద ఇప్పటికీ ఉన్నాయి, 1929లో దాన్ని గుర్తుపట్టింది కూడా ఒక జియాలజిస్టే, చూడండి చిత్రం. అక్కడ చిన్న శాసనంలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, తర్వాతి వరస కుడి నుంచి ఎడమకి, ఎద్దులు మడక తిప్పుకుని చాలులో వచ్చినట్టు చెక్కాడు. పిల్లలకి ఒక తెలుగు వాక్యాన్ని ఆ పద్ధతిలో రాయమని చెప్పండి, అరగంట ఎవరూ కదలరు. ఆ పక్క ఊళ్ళల్లోనే తొలకరి పడగానే జనం వజ్రాల కోసం చేలల్లో వెతుకుతారు. వాన మట్టిని కడిగితే రాయి బయటపడుతుంది, ఎర్రనేలలో మెరుస్తుంది, అందుకే వానలప్పుడే. అనంతపురం వజ్రకరూరు వైపు భూమి లోపల్నుంచి వజ్రాలు మోసుకొచ్చిన కింబర్లైట్ రాయి ఉంది. అంతెందుకు, మీ బనగానపల్లె గులకరాతి పొరల్లోనే పాతకాలంలో వజ్రాల గనులు ఉండేవి. వజ్రం దొరికితే చదువెందుకు సార్ అనేవాడు ప్రతి క్లాసులో ఒకడుంటాడు, వాడికి ఈ పాఠం అప్పచెప్పండి, మిగతా అందరికంటే ముందు వాడే నేర్చుకుంటాడు.

వరస అడిగావు కదా. నన్నడిగితే బండ, గిన్నెలో తెల్ల పొర, గుహ, బూడిద, శాసనం, ఇట్లా పోవాలి. గ్రహాలు ఆ కర్ర నీడతో పక్కన నడుస్తూ ఉంటాయి. టెక్స్ట్ బుక్కు మొదటి పాఠం ఆలస్యమైందని ఎవరైనా అడిగితే మీ హెచ్ఎం చూసుకుంటుంది, ఆ కుర్చీ ఉన్నది అందుకే.

---

జెడ్పీ సోషల్ సార్:

సార్ నమస్కారం, మీ మాట మా మేడానికి చూపిస్తా 😀

ఈ శనివారం బండ, నిమ్మకాయ. పై వారం పిచ్, పీఈటీ సార్ ఒప్పుకున్నాడు గానీ సున్నం గీతలు మ్యాచ్ ముందు చెరిపేయాలంట. బెలుం దసరా సెలవుల తర్వాత పెట్టుకుంటాం. ఎనిమిదో క్లాసులో ఒక పాప వాళ్ళ నాయన కొలిమిగుండ్లలో బండలు లేపే పనే, అడిగితే ముందు నేనేం చెప్తా సార్ అన్నాడు, తర్వాత ఏ సైజు బండ తేవాలి అని ఆయనే ఫోన్ చేశాడు. టీచరమ్మ గారూ, ఒక చిన్న డౌట్, వెనిగర్ అయితే ఎంత నీళ్ళు కలపాలి?

---

పీఎస్ టీచరమ్మ:

నీళ్ళు కలపొద్దు సార్, షాపులో దొరికేదే పల్చగా ఉంటుంది, అట్లాగే వాడండి. పొడి మాత్రం మెత్తగా ఉండాలి. బండ తెచ్చే ఆయన్నే రంపం కోసిన పొడి ఒక కవర్లో తెమ్మనండి, మీకు గీకే పని తప్పుతుంది. కానీ పాలిష్ పౌడర్ కలిసింది కాకుండా ఉత్త బండ పొడే తెమ్మని చెప్పండి.